మేష్టారి ఓపిక

బడి గేటుకి కట్టే ఫ్లెక్సీ కోసం మేష్టారి ఫొటో కావాలని పాత విద్యార్థులు వచ్చారు. ఆయన పోయి అప్పటికి నెల దాటింది. బీరువా మీది ఫొటోలన్నీ దించి నేలమీద పరిచాం. ఒక్కటీ పనికిరాలేదు. ప్రతి దాంట్లోనూ ఆయన చుట్టూ పిల్లలే. పైగా ఫొటో తీసేటప్పుడు పిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి తాను నేలమీద చతికిలబడే అలవాటొకటి. చివరికి రిటైరైన రోజు సన్మానంలో తీసింది దొరికింది. ఇద్దరం పక్కపక్క కుర్చీల్లో ఉన్నాం. ఇద్దరికీ కలిపి ఒకే శాలువా కప్పారు. అందులోంచి నన్ను కత్తిరించేశారు.

ఇప్పుడు బడి గేటు మీద ఆయనొక్కరే నవ్వుతూ దణ్ణం పెడుతున్నారు. ఎడమ భుజం పక్కన జానెడు ఆకుపచ్చ చీర అంచు మిగిలిపోయింది. అదేమిటో దారిన పోయేవాళ్ళకి తెలియదు. అది నేను.

"ఏమనుకోకండి అమ్మగారండీ, మేష్టారొక్కరే ఉంటే నిండుగా ఉంటాదని" అన్నాడు ఫ్లెక్సీ వేయించిన అతను. అతనికీ యాభై దాటాయి, జుట్టుకి రంగేస్తాడు.

"దానికేముంది బాబూ" అన్నాను. అలవాటేలే అని మాత్రం అనలేదు.

మేష్టారు నా భర్త. పేరు రాయను. మా రోజుల్లో మొగుడి పేరు పలికే ఆచారం లేదు. ఇప్పుడు పలికితే తప్పు పట్టేవాళ్ళూ లేరుగానీ, రాజోలు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన్ని మేష్టారనే అన్నాయి, వినీ వినీ నాకూ ఆ మాటే నోటికి పట్టేసింది. ఆయన గొప్పతనం సంతాపసభలో చాలామంది చెప్పారు. మైకు దొరకని వాళ్ళు ఇంటికొచ్చి చెబుతున్నారు. వింటూ కూర్చుంటున్నాను. వాళ్ళు వెళ్ళాక నాకు మిగిలేది దుఃఖం ఒక్కటే అయితే బాగుండేది. కుళ్ళు కూడా మిగులుతోంది. ఆయన దగ్గర చదువుకున్న ప్రతి మనిషన్నా నాకు కుళ్ళే. పెద్దదానివి, పిల్లల మీద కుళ్ళేమిటి అంటారేమో. కుళ్ళుకి వయసేమిటి?

మేష్టారు పిల్లలందర్నీ గారు అని పిలిచేవారు. చీమిడి తుడుచుకోవడం రాని ఒకటో తరగతి వాడైనా సరే, "సత్తిబాబు గారూ, ఇలా రండి. పలక తెచ్చేరా అండీ?" అనేవారు. మా గోదారి సీమలో అండీ అనడం వింతేమీ కాదు. గేదెని అదిలించేటప్పుడు కూడా అండీ అంటామని బయటివాళ్ళు ఎగతాళి చేస్తారు. కానీ బడిపంతులు పిల్లల్ని అనడం మాత్రం అంతకుముందు ఎవరూ వినలేదు. అప్పటి బడంటే బెత్తం, గోడకుర్చీ, తొడపాశం.

పెద్ద రైతు ఒకాయన దీని గురించి మా గుమ్మంలోకే వచ్చారు.

"మా పాలేరు కొడుకుని గారంటున్నారంట కదండీ. రేపొద్దున ఆడు నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటే నేనేం చెయ్యాలండీ?"

"మంచినీళ్ళిచ్చి, ఏం పనిమీద వచ్చేరో అడగండి" అన్నారు మేష్టారు.

ఆయన కాసేపు కండువా అటూ ఇటూ మార్చుకున్నారు. "మరి మావాణ్ణి?"

"ఆయ్, తమ అబ్బాయి గారిని కూడా గారే అంటున్నానండి. ఇద్దరిదీ ఒకటే బల్ల."

ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు. కొడుకుని మాత్రం బడి మాన్పించలేదు. వాడికి లెక్కలు వస్తున్నాయి మరి.

ఆయన్ని సాగనంపి లోపలికి వచ్చిన మేష్టారు నన్ను పిలిచిన పిలుపు, "ఏమే, కాఫీ ఏదీ? కాశీకెళ్ళిందా?"

ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని ఊరికే అనలేదు పెద్దలు. ఊరి చివరి పేటలోంచి వచ్చిన పసివాడు గారు. పెద్ద రైతు కొడుకు గారు. నా కూతురు కూడా పొద్దున్నించి సాయంత్రం దాకా బడిలో "అమ్మాయి గారు"గా ఉండి, గంట కొట్టాక ఇంటికొచ్చి "ఒసే" అయ్యేది. అది పకపకా నవ్వుకునేది. దానికి పగలంతా ఆ వైభోగం ఉంది కాబట్టి నవ్వు వచ్చేది. నాకు పగలూ సాయంత్రమూ కూడా "ఏమే"నే.

పిలుపొక్కటే అయితే సర్దుకునేదాన్ని. ఆయన ఓపిక ఉందే, దాని మీద నా కన్ను.

మా వంటగది కిటికీకీ బడి గోడకీ మధ్య నాలుగు అరటిచెట్లు పట్టే జాగా, అంతే. లోపల ఏం జరిగినా నాకు వినిపించేది, సగం కనిపించేది. నా కూరలో ఉప్పు తప్పిన రోజులన్నీ ఆయన పాఠం బ్రహ్మాండంగా సాగిన రోజులే. ప్రశ్న వేశాక ఆ పిల్లవాడి మొహంలోకి చూసేవారు కాదు. చూస్తే కంగారు పడతాడని కిటికీ వైపు తిరిగి, జేబులోంచి లవంగం తీసి బుగ్గన పెట్టుకుని నిలబడేవారు. ఎంతసేపైనా సరే. మిగతా పిల్లలు గుసగుసలాడితే ఒక చెయ్యి ఎత్తేవారు, అంతే. తప్పు చెబితే, "ఆయ్, దగ్గరికొచ్చేరు. ఇంకోసారి చూద్దామండి" అనేవారు. ఎక్కడో సఖినేటిపల్లి లంకలో ఉన్న జవాబుని రాజోలు దాకా తెచ్చినట్టు ఆ కుర్రాడు పొంగిపోయేవాడు. కిటికీలోంచి బయటికి చూసే ఆ చూపు ఒక్కొక్కసారి తిన్నగా నా మీదే పడేది. నన్ను చూసేవారు కాదు. జవాబు కోసం చూస్తున్న మనిషికి నేనెక్కడ కనిపిస్తాను?

కొబ్బరి దింపు తీసిన రోజున పిల్లలందర్నీ తోటలోకి తీసుకుపోయేవారు. భాగహారం అక్కడ నేర్పేవారు. రాశి పోసిన కాయల చుట్టూ పిల్లలు కూర్చుని పంచుకునేవారు, నీకొకటి నాకొకటి అని. ఆఖర్న మిగిలిన కాయలు చేతిలో పట్టుకుని, "వీటినేం చెయ్యాలండీ ఇప్పుడు?" అని వాళ్ళనే అడిగేవారు. కొట్టుకు తినేద్దామండీ అని ఎవడో అనేవాడు. "శేషం అంటే అదేనండి" అని అక్కడే కాయ కొట్టించేవారు. తోటగల రైతుకి కాయలు లెక్కపెట్టే శ్రమ తప్పేది కాబట్టి ఆయనా ఏమీ అనేవాడు కాదు. సాయంత్రం మట్టికొట్టుకున్న పంచెతో ఇంటికొచ్చి, "ఏమే, నీళ్ళు తోడు" అనేవారు. ఒక్క కొబ్బరి ముక్కయినా నాకోసం దాచి తేలేదు.

ఇక నా సంగతి. నేను పదో తరగతి తప్పాను, ఒక్క లెక్కల్లోనే. కొత్తపేటలో మా పెళ్ళిచూపుల నాడు మా నాన్నగారు దాచకుండా చెప్పేశారు. "పిల్లకి లెక్కలొక్కటే పట్టుబడలేదండి. మీరెలాగూ ఉన్నారు కదా."

"అదెంత పనండీ, నేను కట్టిస్తాను కదా పరీక్షకి" అన్నారు ఈయన.

ఆ మాట మీదే నేను తలూపాను. ఆయన రంగు తక్కువని, ఎత్తు తక్కువని మా పిన్నులు నసిగారు. నాకవేమీ పట్టలేదు. పదో తరగతి పాసవ్వాలి, టీచరు ట్రైనింగుకి వెళ్ళాలి, నాకూ ఒక బడి, ఒక బల్ల, ఒక బెత్తం ఉండాలి. బెత్తం కూడా అనుకున్నాను, దాచడం దేనికి?

కాపరానికొచ్చిన కొత్తలోనే అడిగాను. సరే కూర్చో అన్నారు. ఎ అనేవాడు ఒక గోడని ఇన్నాళ్ళలో కడతాడు, బి అనేవాడు ఇన్నాళ్ళలో కడతాడు, ఇద్దరూ కలిసి కడితే ఎన్నాళ్ళు పడుతుంది, ఇదీ లెక్క. నాకు నిజంగానే ఒక అనుమానం వచ్చింది.

"ఏమండీ, ఇద్దరు కలిస్తే కబుర్లు చెప్పుకోరూ? ఇంకా ఆలస్యం అవదూ?"

"తిక్క ప్రశ్నలు వెయ్యకు. చెప్పింది చెయ్యి."

చేశాను. తప్పొచ్చింది. మళ్ళీ చేశాను. ఆయన కిటికీ వైపు తిరగలేదు, లవంగం తియ్యలేదు. పెన్సిలు నా చేతిలోంచి లాక్కుని తానే గబగబా చేసేసి, "ఇంత చిన్న లెక్క రాకపోతే ఎలాగే నీకు? పోయి వంట చూసుకో" అన్నారు.

పోయి వంట చూసుకున్నాను. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ చెట్టు ఊళ్ళో అందరికీ పనికొచ్చి, పెరటి మనిషి మీదికి మాత్రం ముళ్ళు చాపితే ఏమనాలి?

ఆ మధ్యాహ్నమే బడిలో ఒకడు జవాబు రాక నీళ్ళు నములుతున్నాడు. "తొందరేం లేదండి. గోదారెక్కడికీ పోదు" అన్నారు మేష్టారు, అది ఆయన ఊతపదం.

"పోద్దండి. అంతర్వేది దగ్గర సముద్రంలోకి పోద్దండి" అన్నాడు ఆ వెధవ.

ఆయన సుద్దముక్క కింద పెట్టేసి కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. జేబులోంచి లవంగం తీసి వాడికిచ్చారు. ఆ నెలంతా వాడి తెలివి గురించి ఇంటికొచ్చిన ప్రతి వాడికీ చెప్పారు. నా కబుర్ల ప్రశ్న మాత్రం ఎవరికీ చెప్పలేదు. వాడి జవాబు కంటే నా ప్రశ్న ఎందులో తక్కువ? ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పరీక్షకి నేను మళ్ళీ కట్టలేదు. లెక్కల మేష్టారి భార్య లెక్కల్లో తప్పినట్టే ఉండిపోయింది.

వీళ్ళందరిలోకీ నన్ను ఎక్కువ ఉడికించిన మనిషి సువార్త. పేటలోంచి వచ్చేది, సన్నగా, పెద్ద కళ్ళతో. నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. భాగహారం దాని బుర్రకెక్కలేదు. ఒక వానాకాలమంతా బడి వదిలాక మా అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్పారు. చింతగింజలతో, పుల్లలతో, చివరికి నా వంటింట్లో కందిపప్పుతో. వాన కురుస్తూనే ఉంది, ఆ పిల్ల తప్పు చెబుతూనే ఉంది, ఈయన "దగ్గరికొచ్చేరు సువార్త గారూ" అంటూనే ఉన్నారు. నేను గుమ్మంలో చాట పట్టుకుని నిలబడి, ఈ పిల్లకి ఎప్పటికీ రాకపోతే బాగుండు అనుకున్నాను. వచ్చింది. వచ్చిన రోజున ఆ పిల్ల లేచి నిలబడి ఏడ్చేసింది. మేష్టారు నాకేసి తిరిగి, "ఏమే, బెల్లం ముక్క పట్టుకురా" అన్నారు. పట్టుకొచ్చి పెట్టాను.

ఆ సువార్త ఇప్పుడు అమలాపురం దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరు. ఆదివారాలు చర్చి అయ్యాక, ఆత్రేయపురం పూతరేకుల పొట్లం పట్టుకుని వచ్చి మేష్టార్ని చూసి వెళ్ళేది. ఆయనకి షుగరు. ఆ పొట్లమంతా నేనే తినేదాన్ని. అదొక్కటే ఆ పిల్ల వల్ల నాకు దక్కిన సుఖం.

రెండేళ్ళ కిందట ఆయనకి మతిమరుపు మొదలైంది. ముందు కళ్ళజోడు, తర్వాత వీధి, తర్వాత మనుషులు. డాక్టరు మందులు రాసి, దీనికి ఇంతేనండి అన్నాడు. రాయవరం నుంచి మా అమ్మాయి వచ్చి వారం ఉండి వెళ్ళింది. ఆ తర్వాత ఒక ఉదయం నేను కాఫీ తీసుకెళ్తే ఆయన మంచం మీంచి లేచి రెండు చేతులూ జోడించారు.

"నమస్కారమండి. కూర్చోండి. వయోజన విద్యకి వచ్చేరా?"

ఒకప్పుడు సాయంత్రాలు పెద్దవాళ్ళకి అక్షరాలు చెప్పేవారు. ఆ గుర్తు మిగిలిందన్నమాట. మొదట వేళాకోళం అనుకున్నాను. ఆయన కళ్ళలోకి చూస్తే కాదని తెలిసింది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి నేలమీద కూర్చున్నాను.

"ఏం నేర్చుకుంటారండీ?"

"లెక్కలండి" అన్నాను.

"ఆయ్. మంచిదండి" అన్నారు. మంచం దిగి, మోకాళ్ళ నొప్పితో అవస్థపడుతూ నేలమీద నా పక్కన చతికిలబడ్డారు. కందిపప్పు తెమ్మన్నారు. లోపలికెళ్ళి డబ్బా పట్టుకుని కాసేపు అక్కడే నిలబడి ఏడ్చాను. ఏడుపెందుకో మీకు చెప్పక్కర్లేదు. కానీ ఉన్నమాట చెప్పాలంటే, డబ్బా పట్టుకుని తిరిగొచ్చేటప్పుడు నాకు కాస్త సంతోషంగానే ఉంది.

రోజూ పాఠమే. పెళ్ళయినప్పటి నుంచీ నేను కిటికీలోంచి దొంగచాటుగా విన్నదంతా ఇప్పుడు నాకే చెబుతున్నారు, నా ఒక్కదానికే. ప్రశ్న వేసి మొహం పక్కకి తిప్పుకునేవారు. జేబు తడుముకునేవారు, అందులో లవంగాలు నేనే వేసి ఉంచేదాన్ని. అంతసేపు ఆ మనిషి నాకోసం ఆగేవారు. నేను కావాలనే తప్పు చెప్పేదాన్ని. "దగ్గరికొచ్చేరండి, ఇంకోసారి చూద్దాం" అనేవారు. మళ్ళీ తప్పు చెప్పేదాన్ని. సువార్తకి ఒక వానాకాలం దొరికిందా, నాకు దానికంటే ఎక్కువ కావాలి.

ఒక ఆదివారం సువార్త వచ్చేసరికి మేం పాఠంలో ఉన్నాం. "కాస్త ఆగండి టీచరు గారూ, ఈవిడ కొత్తగా చేరేరు" అన్నారు ఆయన. సువార్త గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను చూడనట్టు పప్పుగింజలు విడదీస్తూ కూర్చున్నాను. అంత గర్వం నాకు నా కూతురి పెళ్ళిలో కూడా కలగలేదు.

పాఠం అయ్యాక ఆయన్ని లేవదీసి మంచం మీద కూర్చోబెట్టాం. సువార్త ఆయన చెయ్యి పట్టుకుని అడిగింది. "మేష్టారండీ, మాకు ఇంత ఓపిగ్గా చెప్పేరు కదా. ఎప్పుడూ విసుగు రాలేదా అండీ?"

"ఎందుకు రాదండీ? తెగ వచ్చేది" అన్నారు ఆయన. ఎంతో తేటగా ఉన్నారు ఆ పూట. "పొద్దున్నించీ బిగబట్టుకుని, బిగబట్టుకుని ఇంటికెళ్ళేవాణ్ణి. మా ఇంటావిడ ఉంది కదండీ. ఆవిడ దగ్గరొక్క చోటే నేను ఓపిక పట్టక్కర్లేదు."

సువార్త నాకేసి చూసింది. ఏమిటి ఆ చూపు? ఆ పిల్లకి నామీద అసూయ కలిగిందని ఇప్పటికీ నా అనుమానం. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. ఊరందరి కోసం పట్టుబట్ట కట్టుకుని, విప్పేసిన మాసిన పంచె నా మొహాన పారేసి, అదే నీకు దక్కిన గౌరవం అంటే సంతోషించాలా? ఆ మాట ఒక్కసారైనా, నేనెవరో తెలిసినప్పుడు నాతోనే అని ఉంటే ఏం పోయింది?

"ఆవిడకి చెప్పేరా అండీ ఎప్పుడైనా, ఈ మాట?" అని నేనే అడిగాను.

"ఆవిడకి చెప్పడమెందుకండీ, తెలీదా?" అన్నారు ఆశ్చర్యంగా.

తెలియదండీ. నాకు తెలియదు.

వేసవి వచ్చేసరికి పాఠాలు తగ్గిపోయాయి. ఆయనకి కూర్చునే శక్తి పోయింది. భోజనం దగ్గర కొత్త పేచీ మొదలైంది. నేను కంచం తీసుకెళ్తే ముట్టుకునేవారు కాదు.

"మీకెందుకండీ శ్రమ? మా ఇంటావిడ పెడుతుంది. మీరు వెళ్ళి రండి, మీవాళ్ళు ఎదురుచూస్తారు" అనేవారు. అని, వంటింటి వైపు తల తిప్పి, ఉన్న గొంతంతా కూడగట్టుకుని, "ఏమే" అని పిలిచేవారు.

నేను వంటింట్లోకి వెళ్ళి "వస్తున్నా" అనేదాన్ని. ఆ గొంతు వినగానే మొహం విప్పారేది. ముఖం కడుక్కున్నాను, చీర మార్చాను, పాత చీరల్లోంచి ఆయనకి గుర్తుండేవి వెతికి కట్టుకున్నాను. కంచంతో బయటికొస్తే మళ్ళీ అదే మర్యాద. "అయ్యో, మీరా అండీ. కూర్చోండి. ఆవిడొచ్చేస్తుంది." సువార్తకి దక్కిందంతా నాకూ దక్కింది. గారు దక్కింది, అండీ దక్కింది, పక్కన నేలమీద కూర్చోవడం దక్కింది. వాటన్నిటినీ కలిపి ఇచ్చేస్తాను, ఒక్కసారి నా మొహం చూసి "ఏమే, ఇంతసేపా" అనండి అని దణ్ణం పెట్టాలనిపించేది.

కాఫీకి క్షణం ఆగని మనిషి, కంచం ముందు పెట్టుకుని, చేతులు ఒళ్ళో ముడుచుకుని, వంటింటి గుమ్మంకేసే చూస్తూ కూర్చునేవారు. విసుక్కోలేదు, కసరలేదు.

"ఇంకా రాలేదు కదండీ, తినెయ్యకూడదా?" అన్నాను ఒకరోజు.

"పరవాలేదండి, రానివ్వండి" అన్నారు.

నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. అన్నం చల్లారిపోయింది. ఆయన చూస్తూనే ఉన్నారు. ఆ రాని మనిషి మీద నాకు పుట్టినంత అసూయ, సువార్త మీద కూడా ఎన్నడూ పుట్టలేదు.